'రోగికి మీరు ఏమవుతారు?' అనే గడి గారికి ఒక ట్రపీజువాడి విన్నపం

మహారాజశ్రీ గడి గారి దివ్యసముఖమునకు,

చెన్నై పెరంబూరు నివాసి, ఒకప్పుడు సర్కస్ ట్రపీజులో, అంటే ఎత్తున ఊగే బార్ల ఆటలో, గాలిలో ఎగిరే ఫ్లయర్, ఇప్పుడు పరుల పెళ్ళి మండపాలకు దీపాల తోరణాలు కట్టి పొట్టపోసుకుంటున్నవాడు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

పోయిన మంగళవారం ఉదయం పదకొండు గంటల నుంచి సాయంత్రం నాలుగున్నర వరకు, ఆస్పత్రి ఫారంలో వెలసిన తమరి సన్నిధిలో నిలబడే భాగ్యం నాకు కలిగింది. తమరు చూపుకు అంగుళంన్నర పొడవు, అర అంగుళం ఎత్తు. తమరి ఇరుగుపొరుగున రోగి పేరు, వయసు, మతం, ఫోన్ నంబరు అనే పెద్దమనుషులు కొలువుదీరి ఉన్నారు. నొప్పిపుట్టిన భుజానికి మతమేమిటని అడగాలని నోటి దాకా వచ్చింది కాని, దాన్ని మరో లేఖకు దాచుకున్నాను. దారం కట్టిన కలాన్ని, ఆ కలంలో లేని సిరాను, 84 దగ్గర అరగంట నిద్రపోయి ఒక్కసారిగా 112కు దూకిన టోకెన్ యంత్రాన్ని ఈ ఊళ్ళో ఆస్పత్రి మెట్లెక్కిన వారందరూ భరిస్తున్నట్టే నేనూ భరించాను. తమరిని మాత్రం భరించలేకపోయాను.

చక్రాల కుర్చీలో కూర్చున్న రోగి మా బావ. నడవడానికి ఆయనకు ఏ ఇబ్బందీ లేదు, కాని భుజం నొప్పితో వచ్చినవాణ్ణి కూడా కుర్చీలో కూలేస్తే తప్ప వారికి రోగి రోగిలా కనబడడట. కుడి భుజంలో కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు చిరిగిందనీ, ఆలస్యం చేయకుండా కుట్టాలనీ డాక్టరు గారు చెప్పారు. ముందస్తు సొమ్ము కట్టే కిటికీ దగ్గర నా కార్డు తీసుకున్నారు, గీశారు, రసీదు ఇచ్చారు. ఆయనకు మీరు ఏమవుతారని ఆ కిటికీలో ఎవరూ అడగలేదు. డబ్బుకు వరస అక్కరలేదు కాబోలు. ఆ రసీదు పట్టుకుని రెండో కిటికీకి రాగానే తమరి దర్శనమైంది.

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చే రోగుల కోసం అక్కడ తెలుగు మాట్లాడే సహాయకురాలు ఒకమ్మాయి ఉంది. పాపం, మర్యాదస్తురాలు. "సార్, మీరు ఆయనకు ఏం కావాలి?" అని అడిగింది. మన భాషలో ఈ ప్రశ్నకు రెండు అర్థాలున్నాయి, తమిళంలోనూ అంతే. ఏ వరస అవుతారన్నది ఒకటి, ఏమి కోరుతున్నారన్నది రెండోది. నేను రెండోదానికే సిద్ధమై వచ్చాను కనుక, "ఆయన భుజం బాగుకావాలమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, తమరి వైపు వేలు చూపించింది.

నేను 'స్నేహితుడు' అని వ్రాశాను. చెల్లదన్నారు. "బ్లడ్ రిలేషన్ ఉండాలి సార్."

గడి గారూ, మూడేళ్ళ క్రితం ఇదే ఆస్పత్రిలో మా బావ డెంగీతో పడుకున్నప్పుడు, అర్ధరాత్రి వేళ ప్లేట్‌లెట్లు ఇచ్చేవారు కావాలని అడిగితే నేను చొక్కా చేయి మడిచాను. గంటన్నర సేపు నా రక్తం యంత్రంలోకి వెళ్ళి వచ్చింది. వడకట్టి తీసిన దానిని ఆయనకు ఎక్కించారు. ఆ రాత్రి తమరు ఏ సొరుగులో విశ్రాంతి తీసుకుంటున్నారో నాకు తెలియదు కాని, బయటికి మాత్రం రాలేదు. రక్తం పుచ్చుకోవడానికి అడ్డురాని రక్తసంబంధం, సంతకం పుచ్చుకునేటప్పుడు ఎక్కడ నుంచి ఊడిపడిందో తెలిసినవారు సెలవిస్తే వినాలని ఉంది.

అసలు ఆయన నాకు ఏమవుతాడు? తమరు అడిగారు కనుక కొంచెం వివరంగా చెబుతాను, తమరి అంగుళంన్నరలో పట్టకపోతే పక్కనున్న మతం గడిలోకి పొంగనివ్వండి.

మాది మూడు తరాలుగా ట్రపీజు ఇల్లు. 1901లో కీలేరి కుంఞికణ్ణన్ గారు కేరళలోని తలశ్శేరి దగ్గర చిరక్కరలో సర్కస్ పాఠశాల తెరిచిన తర్వాత ఆ చుట్టుపక్కల విద్య నేర్చినవారు దేశమంతటా డేరాలు వేశారు. మా తాత అలాంటి ఒక డేరాలో చేరి, ఆ తలశ్శేరివాళ్ళ చేతుల్లోనే ఎగరడం నేర్చుకున్నాడు. మా లోకంలో వంశవృక్షం పుట్టుకను బట్టి పెరగదు, గాలిలో ఎవరు ఎవరిని పట్టుకున్నారన్నదాన్ని బట్టి పెరుగుతుంది. మా అన్న గల్ఫ్‌కు వెళ్ళిపోయి, ఎగిరి వచ్చేవాణ్ణి గాలిలో అందుకునే క్యాచర్ స్థానం ఖాళీ అయినప్పుడు, సూళ్ళూరుపేట నుంచి వచ్చి డేరా తాళ్ళు బిగించే పనిలో ఉన్న ఒక పొడుగాటి కుర్రాడి మణికట్లను మా నాన్న తిప్పి తిప్పి చూసి, "వీడు పట్టుకుంటాడు" అన్నాడు. అది 2005. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, ఆయనకు ఇరవై.

చూడనివారికి ఒక మాట చెప్పాలి. ట్రపీజులో అరచేతులు పట్టుకోరు. ఆయన వేళ్ళు నా మణికట్టును, నా వేళ్ళు ఆయన మణికట్టును చుట్టుకోవాలి, అప్పుడు ఒకరి పట్టు సడలినా రెండోవారి పట్టు మిగులుతుంది. క్యాచర్ మోకాళ్ళ మీద తలకిందులుగా వేలాడుతూ ఊగుతాడు, బార్ వదిలే క్షణాన్ని ఆయనే అరచి చెబుతాడు. ఆ అరుపు విని వదలాలి తప్ప కళ్ళతో చూసుకుని వదిలితే అప్పటికే ఆలస్యమవుతుంది. ఇద్దరు మనుషులు ప్రేమలో పడడానికి ఇతరులకు ఉత్తరాలో, సినిమా హాళ్ళో, మెరీనా ఇసుకో కావలసి వస్తుంది. మాకు పొద్దున్నే ఆరు గంటల సాధన, ఒకే సుద్దపొడి డబ్బా సరిపోయాయి. మొదటి ఏడాది ఆయన అరుపును నమ్మడం నేర్చుకున్నాను. రెండో ఏడాది ఐలాండ్ గ్రౌండ్స్‌లో డేరా వేసినప్పుడు, రాత్రి ఆట ముగిసి దీపాలు ఆర్పిన తర్వాత, కూవం నది కంపు మధ్య, వల మీద వెల్లకిలా పడుకుని ఉండగా ఆయన మామూలు గొంతుతో నా పేరు పిలిచాడు. ఆ పిలుపును కూడా నమ్మాను. అంతకు మించి తమరికి చెప్పను.

రోజుకు మూడు ఆటలు, ఆటకు నాలుగు పట్లు, ఏడాదికి మూడు వందల రోజులు, పదకొండేళ్ళు. లెక్క కట్టుకోండి, నలభై వేలకు నాలుగు వందలు తక్కువ. ఇందులో ఏడుసార్లు తప్పింది, ఏడుసార్లూ వల మీద పడ్డాను, అందులో నాలుగు నా తప్పులు. అరవై రెండు కిలోల మనిషి వేగంతో వచ్చి వేలాడితే భుజానికి ఎంత లాగుడు పడుతుందో డాక్టరు గారు బొమ్మ గీసి చూపించారు. ఇప్పుడు చిరిగిన ఆ స్నాయువు నా బరువుకే చిరిగింది. ఆస్పత్రివారి కాగితాలన్నీ గాలించి చూస్తే, నేను అబద్ధం చెప్పకుండా ఇమడగలిగిన గడి 'గాయానికి కారణం' ఒక్కటే.

అబద్ధాలు మాకు కొత్త కాదులెండి. రింగులో మైకు పట్టుకున్న పెద్దమనిషి పదకొండేళ్ళ పాటు మమ్మల్ని అన్నదమ్ములనే పరిచయం చేశాడు. ఆయనను తప్పుపట్టలేను, ట్రపీజు లోకంలో ఆనవాయితీ అది. మూడు పల్టీల ఏలిక అనిపించుకున్న అల్‌ఫ్రెడో కొడోనాను అందుకున్నది తోడబుట్టిన లాలో. 1982 జూలై 10న అమెరికాలోని టూసాన్‌లో మిగెల్ వాస్కెజ్ జనం ముందు మొట్టమొదటిసారి నాలుగు పల్టీలు కొట్టి వచ్చినప్పుడు ఎదురుగా ఉన్న చేతులు సోదరుడు హువాన్‌వి. ఇక మేమెంత? ఇద్దరికీ ఒకే రంగు మెరుపుల బట్టలు కుట్టించి, అన్నదమ్ములంటే చప్పట్లు కొట్టేవారు. వెంటనే జోకర్ పైకెక్కి పంట్లాం ఊడగొట్టుకునేవాడు, జనం మమ్మల్ని మరచిపోయేవారు. ఇల్లు అద్దెకిచ్చినవారికి మేము కజిన్ బ్రదర్సు. ఆ మాటను పుట్టించిన మహానుభావుడెవరో గాని అతని చేతికి బంగారు కడియం తొడగాలి. మాలో మేము పిలుచుకునేది మాత్రం మొదటి నుంచీ 'బావా' అనే. తెలుగు మగవాళ్ళు టీకొట్టు దగ్గర కూడా ఒకరినొకరు బావా అనుకుంటారు కనుక ఎవరికీ అనుమానం రాలేదు. నిజం చెప్పినా ఎవరూ పట్టుకోలేని మాట భాషలో అదొక్కటే ఉంది.

మంగళవారం నాడు కూడా 'బావ' అని వ్రాసి బయటపడదామనుకున్నాను. "ఏ విధంగా బావ సార్? అక్క మొగుడా, మేనత్త కొడుకా?" అని ఆ అమ్మాయి అడిగింది. ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టి ఇంటిపేర్లు చూసింది. అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

కూర్చున్నవాడికి ఆలోచనలు వస్తాయి. ఆయనకూ నాకూ మధ్య ఉన్నది 2018 సెప్టెంబరు 6 నుంచి నేరం కాదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం అది పెళ్ళీ కాదు. జంటగా బ్యాంకు ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా వ్రాసుకోవడానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో ఢిల్లీ నుంచి స్పష్టం చేశారు. రేషన్ కార్డు విషయంలో ఒకే ఇంటివారిగా చూడమన్నారు. 2025 మేలో మన మద్రాసు హైకోర్టు, కుటుంబం ఏర్పడడానికి పెళ్ళి ఒక్కటే దారి కాదని, ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమేనని అన్నది. ఆ హైకోర్టుకూ తమరికీ మధ్య మహా అయితే కొద్ది కిలోమీటర్ల దూరం, ఆటోలో అరగంట. తీర్పు ఇంకా బయలుదేరినట్టు లేదు.

వీటన్నిటిలో నాకు మింగుడుపడనిది మరొకటి ఉంది. దగ్గరి బంధువులెవరూ అందుబాటులో లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకునే వీలు కల్పించమని కేంద్ర ఆరోగ్యశాఖ 2024లో రాష్ట్రాలకు లేఖ వ్రాసింది. మంచిదే, చేతులెత్తి మొక్కుతాను. కాని చూడు, మా బావ చచ్చిపోతే మోసుకుపోవడానికి నేను పనికొస్తానట, బతికుండగా ఆయన భుజం కుట్టించడానికి పనికిరానట. నలభై వేల సార్లు ఆ చేతులకు నా ప్రాణం అప్పగించాను, ఎవడూ ఫారం అడగలేదు. ఒక్కసారి ఆయన ప్రాణానికి నేను పూచీ పడతానంటే, అర అంగుళం ఎత్తు లేనిదానివి, నువ్వెవరు నన్ను అడగడానికి? సంతకం కావలసింది నాదా? 2008లో సుప్రీంకోర్టు మత్తుమందు కింద ఉన్న వయోజనురాలి ఆపరేషన్‌కు కూడా తల్లి ఒప్పుకోలు చెల్లదని, ఆవిడ ఒప్పుకోలే కావాలని చెప్పింది. మా బావ తెలివిలోనే ఉన్నాడు, ఎడమ చేత్తో మూడుచోట్ల సంతకం చేశాడు, ఆ ఎడమచేతి వ్రాత కూడా మీ డాక్టర్ల వ్రాత కంటే మేలు. నీ పొట్ట ఎందుకు నిండలేదు?

ఏకవచనంలోకి జారాను. బార్ జారితే వీపు మీద పడాలని మా నాన్న నేర్పాడు. మాట జారితే ఎలా పడాలో నేర్పలేదు.

చివరికి తమరి తృప్తి కోసం సూళ్ళూరుపేటలో ఉన్న రక్తసంబంధానికి ఫోన్ చేశారు. మా బావ సొంత తమ్ముడు, పద్నాలుగేళ్ళుగా మాటల్లేవు. విషయమంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు?" ఆదివారం లోపల రావడం కుదరదన్నాడు. అయినా ఆ అమ్మాయి ముఖంలో వెలుగు చూడాలి, బ్లడ్ రిలేషన్ దొరికినందుకు.

మూడున్నరకు మా అమ్మ ఆటో దిగింది. ఆమెకు డెబ్బై ఒకటి. ఒకప్పుడు తీగ మీద గొడుగుతో నడిచిన మనిషి, ఇప్పుడు మెట్లకు గోడ పట్టుకుంటుంది. ఐలాండ్ గ్రౌండ్స్ రాత్రి తర్వాత వచ్చిన సంక్రాంతికి మా బావకు కొత్త పంచె, చొక్కా తెచ్చి, గారెలు వడ్డించి, నాకేవి బట్టలని అడిగితే "కొత్తల్లుడి పండగరా, నీకెందుకు?" అన్నది ఈవిడే. డేరాలో అందరూ పరిహాసమనుకుని నవ్వారు. మా నాన్న నవ్వలేదు. ఆ రోజు నుంచి మా ఆటకు ముందు వల ముడులు తానే స్వయంగా రెండుసార్లు లాగి చూడడం మొదలుపెట్టాడు. పోయేదాకా ఆ సంగతి ఆయన మాట్లాడలేదు, ముడులు మాత్రం చూశాడు.

సహాయకురాలు మా అమ్మను కూడా అదే ప్రశ్న అడిగింది. "అత్తను" అంది అమ్మ, కలం అందుకుంటూ. అంతే. ఏ విధంగా అత్త అని ఎవరూ అడగలేదు, ఇంటిపేర్లు కలిశాయా లేదా అని చూడలేదు. ఆ అమ్మాయి తమరి పొట్టలో ఇంగ్లీషులో 'ఆంట్' అని వ్రాసింది, తమరు త్రేన్చారు. మా అమ్మ ఆయనకు అత్త అయ్యేది నా మూలంగానే గదా. నన్ను కాదని, నా మీదుగా నడిచి వచ్చిన చుట్టరికాన్ని కళ్ళకద్దుకున్న తమరి బుద్ధికుశలతకు ఆ క్షణంలో నాకు కోపం కూడా రాలేదు. ఇంత తెలివితక్కువ కాపలాదారును తిట్టడం కంటే దాటుకుని పోవడమే సుఖం.

రోగి వెంట ఉండేవారికి ఒక్కటే పాస్ ఇస్తారు. అమ్మ దాన్ని నా మెడలో వేసి, "రాత్రి నాకు నిద్ర ఆగదు, నువ్వుండు" అని ఆటో ఎక్కింది. గురువారం ఉదయం రెండు గంటల పాటు కుట్టారు. మధ్యాహ్నం మా బావ కళ్ళు తెరిచేసరికి పక్కనే స్టూలు మీద నేనున్నాను. మత్తు వదలని చూపుతో చాలాసేపు నా మెడలోని పాస్ వైపు చూసి, అక్షరాలు కూడబలుక్కుని చదివి, ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు.

"అత్తా," అన్నాడు, "కాసిని మంచినీళ్ళు."

ఇట్లు,
రోగిగారి అత్త