ఆరన్ ఎకోల్స్ ఆకాశం నుంచి ఊడిపడలేదు

స్నేహితురాలు లిల్లీ కేన్‌ని చంపిందెవరో వెతికే హైస్కూల్ అమ్మాయి కథ ‘వెరోనికా మార్స్’ సిరీస్. దాని మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ ‘లీవ్ ఇట్ టు బీవర్’ అమెరికాలో యూపీఎన్ చానెల్లో 2005 మే 10న వచ్చింది. దాని మీద ఒక అభియోగం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. "22 ఎపిసోడ్లు ఊరించి, చివర్లో కథతో సంబంధం లేని మనిషిని హంతకుడన్నారు. ఒక్క క్లూ ఇవ్వలేదు. కేన్ కుటుంబం మీద పెట్టిన టైమంతా వృథా. అంత తెలివైన పిల్లని చివరికి నాన్న వచ్చి కాపాడాడు. ముగింపు కూడా ఇవ్వలేదు." ఇందులో ఒక్కటి కూడా నిలబడదని నా వాదన. హంతకుడి పేరు చెప్పకుండా మాట్లాడటం కుదరదు కాబట్టి, సిరీస్ చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ముందు "క్లూ లేదు" అన్న మాట చూద్దాం. లిల్లీ కేన్‌ని చంపింది సినిమా స్టార్ ఆరన్ ఎకోల్స్, అంటే లిల్లీ బాయ్‌ఫ్రెండ్ లోగన్ తండ్రి. ఆరో ఎపిసోడ్ గుర్తు చేసుకోండి. ఇల్లు లేనివాళ్లకు డబ్బు ఆశ చూపి లోగన్ కొట్లాటలు పెట్టించిన వీడియో బయటపడుతుంది. పరువు కాపాడుకోవడానికి ఆరన్ కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లి, కెమెరాల ముందు పేదలకు భోజనం వడ్డిస్తాడు. ఆ రాత్రి ఇంట్లో లోగన్ వెళ్లి బెల్టుల్లోంచి ఒకటి తనే ఎంచుకోవాలి. తనని కొట్టబోయే బెల్టు! ఆ కుర్రాడు ఎంచుకునే తీరు చూస్తే అది మొదటిసారి కాదని అర్థమవుతుంది. పదో ఎపిసోడ్‌లో క్రిస్మస్ పార్టీ మధ్యలో ఆరన్‌ని ఒక అమ్మాయి కత్తితో పొడుస్తుంది. భార్య ఉండగానే అతను సంబంధం పెట్టుకుని వదిలేసిన అమ్మాయి ఆమె. పంతొమ్మిదో ఎపిసోడ్‌లో కూతురు ట్రీనాని కొట్టిన బాయ్‌ఫ్రెండ్‌ని ఆరన్ చితకబాదుతాడు. దెబ్బలు తినేవాడు చెడ్డవాడు కాబట్టి అక్కడ మనకు సంతృప్తిగానే ఉంటుంది. కానీ ఆ కొట్టడంలో అతను పొందుతున్న ఆనందాన్ని కెమెరా దాచలేదు.

పరాయి స్త్రీల వెంట పడతాడు, ఇమేజ్ కోసం ఏమైనా చేస్తాడు, కోపం వస్తే చేతికి అదుపుండదు. ముగ్గురు అనుమానితుల్లో పంచాల్సిన లక్షణాలన్నీ ఒకే మనిషిలో చూపించారు. మనం వాటిని క్లూలుగా లెక్కపెట్టలేదంటే కారణం ఒకటే: కొడుకుని కొట్టే తండ్రి కథని "వాళ్ల ఇంటి గొడవ" అని వేరే ఖానాలో వేసుకున్నాం. కథ జరిగే నెప్ట్యూన్ ఊరంతా చేసింది అదే. రచయితలు మన ఆ అలవాటునే వాడుకున్నారు. డిటెక్టివ్ కథలో దీనికంటే నిజాయితీ గల ఎత్తు నేను చూడలేదు.

ఇరవై ఒకటో ఎపిసోడ్‌లో ఎకోల్స్ వాళ్ల పూల్ హౌస్‌లో రహస్య కెమెరాలు దొరుకుతాయి. వెరోనికా వెంటనే లోగన్‌ని అనుమానిస్తుంది, మనమూ ఆమె వెనకే నడుస్తాం. ఆ ఇల్లు అతని తండ్రిది కూడా అన్న సంగతి ఎవరికీ తట్టదు. ఆరన్‌తో తన సంబంధం రికార్డయిందని లిల్లీ దాచిన టేపులు మాత్రం చివరి ఎపిసోడ్‌లోనే దొరికాయి, నిజమే. అయితే అవి ఆరన్ మీద రుజువు మాత్రమే. అతన్ని అనుమానించడానికి కావలసినదంతా అప్పటికే తెర మీద ఉంది.

కేన్ కుటుంబం దారి వృథా అనడం మరీ అన్యాయం. లిల్లీని చంపానని జైల్లో ఉన్న ఏబెల్ కూంట్జ్ నేరం ఒప్పుకోవడం అబద్ధం. చావుకు దగ్గరైన ఆ మనిషి డబ్బు కోసం, కూతురి కోసం ఆ పని చేశాడు. ఆ అబద్ధాన్ని కొన్నది కేన్ కుటుంబమే. వెరోనికా పట్టుకున్నవన్నీ నిజాలే. కాకపోతే కేన్ దంపతులు దాచింది తమ నేరాన్ని కాదు. అక్క శవం పక్కన డంకన్‌ని చూసి, కొడుకే చంపాడని వణికిపోయారు. అంటే అసలు హంతకుడెవరో వాళ్లకీ తెలియదు. కప్పిపుచ్చినవాళ్లు వేరు, చంపినవాడు వేరు అన్నదే ఈ కేసు ముడి. ఆ దారి లేకపోతే కేసే లేదు.

ఇక నాన్న కాపాడటం. హంతకుడెవరో కనిపెట్టింది వెరోనికా. టేపులు సంపాదించింది ఆమె. ఆరన్ ఆమెని పాత ఫ్రిజ్‌లో బంధించి, నిప్పంటిస్తానని బెదిరించినా టేపులెక్కడున్నాయో చెప్పలేదు. ఆమె తండ్రి కీత్ మంటల్లోకి దూకి ఒళ్లు కాల్చుకున్నాడు, అవును. కానీ ఈ సీజన్ మొదటి నుంచీ నడిచింది ఆ తండ్రీకూతుళ్ల మీదే. ఇదే కేసులో లిల్లీ తండ్రి జేక్ కేన్‌ని వేలెత్తి చూపినందుకు షెరీఫ్ పదవి పోగొట్టుకున్న మనిషి కీత్. వెరోనికా తన సొంత కూతురేనా అన్న ప్రశ్న కూడా ఈ ఎపిసోడ్‌లోనే తేలుతుంది. అలాంటి తండ్రిని ఆ మంటలకు దూరంగా ఉంచితేనే కథ దెబ్బతినేది.

ముగింపు లేదన్న మాటకి ఎక్కువ చెప్పక్కర్లేదు. హంతకుడు దొరికాడు. తల్లి లియాన్ తాగుడు మానలేదని తెలిసి వెరోనికా ఆమెని వెళ్లిపొమ్మంది, ఆమె 50,000 డాలర్ల చెక్కు తీసుకుని మరీ పోయింది. ఆఖరి క్షణంలో తలుపు తెరిచిన వెరోనికా ఎవరిని చూసి "నువ్వే అయుండాలనుకున్నా" అందో మాత్రం సెప్టెంబర్‌లో రెండో సీజన్ మొదలయ్యేదాకా చెప్పలేదు. ఆ ఒక్కదానికి కోపగించుకున్నవాళ్లతో నాకు పేచీ లేదు.