300 పదాల్లో మూడు దేశాలు

బిజినెస్ స్కూళ్లు ఎంబీఏ అభ్యర్థులను అడిగే ప్రశ్నల్లో నాకు పరమ పూజ్యమైనది ఒకటుంది. "మీ విభిన్న సాంస్కృతిక నేపథ్యం మా తరగతి గదిని ఏ విధంగా సుసంపన్నం చేస్తుందో 300 పదాలకు మించకుండా వివరించండి." ఇందులోని వినయం చూశారా! ఎక్కడో ఒక నిరుపేద తరగతి గది చేయి చాచి కూర్చుని ఉంది. అభ్యర్థి వెళ్లి దాన్ని సంపన్నం చేసి రావాలి. ఆ దానానికి ఫీజు కూడా దాతే కట్టుకోవాలన్నది దరఖాస్తులో వేరే పేజీలో ఉంటుంది.

మా మేనకోడలు ఒక దేశంలో పుట్టి, రెండో దేశంలో డిగ్రీ చదివి, మూడో దేశంలో నాలుగేళ్లు ఉద్యోగం చేసింది. అబద్ధం చెప్పడం చేతకాని పిల్ల కాబట్టి తొలి చిత్తుప్రతిలో జరిగినదే రాసింది. తాను పనిచేసిన గిడ్డంగుల్లో ఒకే విడిభాగానికి మూడు భాషల్లో మూడు పేర్లు ఉండేవనీ, అందువల్ల కంపెనీ ఒకే వస్తువును మూడుసార్లు కొనుక్కుంటోందనీ, మూడు భాషలూ తెలిసిన మనిషి తానొక్కతే కావడంతో ఆ సంగతి తన కంటనే పడిందనీ ఆ వ్యాసం సారాంశం. దరఖాస్తులు దిద్దిపెట్టడమే వృత్తిగా గల ఒక కన్సల్టెంటు దాన్ని చదివి పెదవి విరిచాడు. "ఇందులో లెక్కలున్నాయి గానీ సంస్కృతి లేదండీ" అన్నాడు. రెండు ప్రపంచాల మధ్య నలిగిపోయిన క్షణం ఒకటి కావాలట; అది విమానాశ్రయంలో అయితే మరీ మంచిదట. తాను ఎక్కడా నలగలేదని పిల్ల మొరపెట్టుకుంది. నలగకపోతే ఎలాగని ఆయన నిజంగానే బాధపడ్డాడు. చివరికి ఒక విమానాశ్రయం, ఒక కిటికీ అద్దం, అందులో తడి కళ్ల ప్రతిబింబం చేరి వ్యాసం 298 పదాలకు తేలింది. గిడ్డంగి ఎగిరిపోయింది. సీటు వచ్చింది.

బిజినెస్ స్కూళ్లకు విదేశీయుల మీద ఇంత మమకారం ఎందుకో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. తరగతిలో విదేశీ విద్యార్థులు ఎంత శాతం, విదేశీ అధ్యాపకులు ఎంత శాతం అన్నవి ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక 1999 నుంచి ప్రకటిస్తూ వస్తున్న ఎంబీఏ ర్యాంకుల లెక్కలోకి వస్తాయి. ఎందరు కూర్చున్నారో లెక్కపెట్టడం తేలిక. వాళ్ల మాట ఎవరైనా విన్నారా అన్నదానికి ఇంకా గడి గీయలేదు.

లోపలికి అడుగుపెట్టాక సంస్కృతి అంటే ఏమిటో శాస్త్రీయంగా బోధిస్తారు. 1967, 1973 మధ్య ఐబీఎం ఉద్యోగులు అనేక దేశాల్లో నింపిన లక్షకు పైగా ప్రశ్నావళుల నుంచి గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే పండితుడు ఒక్కో దేశానికి కొన్ని అంకెలు తేల్చాడు. అధికార అంతరం (పైవాళ్ల పెత్తనాన్ని కిందివాళ్లు ఎంత సహజంగా ఒప్పుకుంటారన్నది) ఇంత, వ్యక్తివాదం ఇంత, అనిశ్చితి అంటే జంకు ఇంత అని. ఒకే కంపెనీలో జీతం తీసుకునేవాళ్లు యావద్దేశానికి ప్రతినిధులు ఎలా అవుతారని తర్వాతి పండితులు నిలదీశారు. దేశాల సగటును విడి మనుషులకు అంటగట్టకూడదని హాఫ్‌స్టెడ్ స్వయంగా హెచ్చరించాడు. అయితే స్లైడు మీద చోటు తక్కువ. అంకెలు పట్టాయి, హెచ్చరిక పట్టలేదు.

ఇక ఆ మహత్తర ఘట్టానికి వస్తాను. ఆ రోజు కేసు, అంటే తరగతిలో చర్చకు పెట్టిన నిజమైన కంపెనీ కథ, డైమ్లర్, క్రైస్లర్ కంపెనీల విలీనం. 1998లో ఒక జర్మన్ కార్ల కంపెనీ, ఒక అమెరికన్ కార్ల కంపెనీ సరిసమానుల కలయిక అని చాటింపు వేసుకుని ఒక్కటయ్యాయి. 2007లో జర్మన్ వారు క్రైస్లర్‌లో అధిక వాటాను ఒక పెట్టుబడి సంస్థకు అమ్మేసి చేతులు దులుపుకున్నారు. ప్రొఫెసర్ గారు బోర్డు మీద నిలువు గీత గీసి, ఒకవైపు క్రమశిక్షణ అనీ మరోవైపు చొరవ అనీ రాసి, తరగతినంతా ఒకసారి కలియజూసి, ఆ రెండు దేశాల్లో దేనికీ చెందని మా మేనకోడలి వైపు తిరిగి, అపారమైన గౌరవంతో అడిగారు: "మీ సంస్కృతిలో దీన్ని ఎలా చూస్తారు?"

దీన్ని అంటే దేన్ని? జర్మన్లు అమెరికన్ కంపెనీని కొనడాన్నా, కొన్నాక అమ్మడాన్నా? మీ సంస్కృతి అంటే ఏది? పుట్టినదా, చదివినదా, జీతమిచ్చినదా? మూడు దేశాల కోట్లాది జనాన్ని ఆ మూడు క్షణాల్లో సమావేశపరచి, ఓటింగు పెట్టి, తీర్మానం తెచ్చే వీలు లేదు కాబట్టి పిల్ల మనసులో తల్లిని తలచుకుంది. తల్లికి క్రైస్లర్ గురించి ఏ అభిప్రాయమూ లేదు. తాతయ్యను తలచుకుంది. ఆయన బతికి ఉండగా ఏ విలీనాన్నీ మెచ్చిన మనిషి కాదు. ప్రొఫెసర్ చిరునవ్వుతో ఎదురుచూస్తున్నారు, పక్కవాళ్లు కలాలు తెరిచారు. అప్పుడామె, "మా దగ్గర సంబంధాలకు ఎక్కువ విలువ ఇస్తాం" అంది. తరగతి అంతా తలూపింది. ప్రొఫెసర్ ఆ మాటను బోర్డు మీద రాసి దాని కింద రెండు గీతలు గీశారు.

"ఎవరి దగ్గరైనా సంబంధాలకు విలువ ఇవ్వరా మామయ్యా?" అని ఆ రాత్రి ఫోనులో అడిగింది. ఆమె పక్క సీటులో ఆ బిజినెస్ స్కూలు ఉన్న దేశంలోనే పుట్టి పెరిగిన కుర్రవాడు ఉన్నాడు. అతణ్ని రెండేళ్లలో ఒక్కసారి కూడా మీ సంస్కృతిలో ఎలా చూస్తారని అడగలేదట. అతనికి సంస్కృతి లేదు, అభిప్రాయాలు మాత్రమే ఉన్నాయి.

మరో వారం కొనుగోళ్లూ నిల్వల మీద కేసు వచ్చింది. ఇది ఆమె గిడ్డంగి, ఆమె మూడు పేర్ల పట్టిక. చేయి ఎత్తింది. ప్రొఫెసర్ చూపు ఆమెను దాటుకుని అభిప్రాయాలు గల కుర్రవాడి దగ్గర ఆగింది. కేసు పద్ధతిలో నడిచే తరగతుల్లో మాట్లాడినందుకు మార్కులుంటాయి, కొన్నిచోట్ల సగం దాకా. ఒక భాషలో ఆలోచించి మరో భాషలో పలికేవాళ్లకు రెండు క్షణాలు ఆలస్యమవుతుంది; అంతలో చర్చ మూడు మలుపులు తిరిగి ఉంటుంది. ఆ రెండు క్షణాలకు 'పాల్గొనడంలో వెనుకబాటు' అని పేరు పెట్టి మార్కులు కోస్తారు. గ్రూపు పనిలో ఆమెకు దక్కినది స్లైడ్ల అక్షరాలు సరిచేసే బాధ్యత.

ఆ తర్వాత ప్లేస్‌మెంట్లు. ఆన్‌లైన్ దరఖాస్తు రెండో పేజీలోనే వీసా స్పాన్సర్‌షిప్ అవసరమా అని ఒక గడి ఉంటుంది; అవునని నొక్కితే చాలా కంపెనీల్లో మూడో పేజీ చదివే నాథుడు ఉండడు. ఆ గండం గడిచి నాలుగు ఇంటర్వ్యూల దాకా వెళ్లిన చోట, చివరికి వచ్చిన జవాబులో "కల్చర్ ఫిట్ కుదరలేదు" అని, అంటే మా కంపెనీ తీరులో మీరు ఇమడరని, రాశారు. ఏమిటండీ ఈ ఫిట్? సంస్కృతి తెమ్మని పిలిచినది మీరు కాదా? తెచ్చినందుకే కదా బ్రోచరు నాలుగో పేజీలో ఆ పిల్ల ఫొటో వేసుకున్నారు? ఆమె తెచ్చిన శాతాన్ని ర్యాంకులో కలుపుకున్నారు, ఆమె తెచ్చిన అప్పును ఫీజుగా తీసుకున్నారు, ఆ ర్యాంకు చూపించి తర్వాతి బ్యాచ్ దగ్గర ఇంకాస్త ఎక్కువ ఫీజు వసూలు చేస్తారు. గుమ్మం లోపలికి వచ్చేటప్పుడు ఆభరణమైనది బయటికి వెళ్లేటప్పుడు మచ్చ ఎలా అయిందో ఒక్కరూ చెప్పరు. కనీసం సిగ్గు కూడా పడరు.

ఆ బ్రోచరు ఈ ఏడాది కూడా అచ్చయింది. ఫొటోలో మేనకోడలు ఇంకా నవ్వుతూనే ఉంది. పోయిన వారం అడ్మిషన్ల కార్యాలయం ఆమెకు ఈమెయిల్ పంపింది: మీ నేపథ్యం మా తరగతిని ఎలా సుసంపన్నం చేసిందో కొత్త అభ్యర్థుల కోసం 300 పదాల్లో రాసి పంపగలరు. నన్నడిగితే ఆ వ్యాసం రాయవలసినది బడి. ఫలానా విద్యార్థి చెప్పినది విని ఫలానా పాఠాన్ని మార్చుకున్నామని వాళ్లే రాయాలి. పదాల పరిమితి కూడా పెట్టనవసరం లేదు, దాటే ప్రమాదమేమీ కనిపించడం లేదు.