కంపెనీ మారితే ద్రోహమా?

అమెరికాలో సోమవారం రాత్రి జరిగే రెజ్లింగ్ షో మనకు మంగళవారం తెల్లారేసరికి వచ్చేస్తుంది. నెల్లూరులో కాలేజీ బస్సు ఎక్కేలోపే కుర్రాళ్లకు ఫలితం తెలిసిపోతుంది. ఎవరు గెలిచారన్నదాని కంటే ఎవరు ఎవరి పక్షాన చేరారన్నదే వాళ్లకు పెద్ద కబురు. ట్రంక్ రోడ్డు టీ అంగళ్ల నుంచి ఒంగోలు హాస్టళ్ల దాకా కొన్నేళ్లుగా నలుగుతున్న పేరు అమెరికా రెజ్లర్ కోడీ రోడ్స్. తాను నిలబెట్టిన కంపెనీని వదిలి, తాను ఎగతాళి చేసిన పాత కంపెనీకే తిరిగి వెళ్లాడు కాబట్టి ద్రోహి అని ఒక వర్గం. వెళ్లాడు, గెలిచాడు, తప్పేముందని ఇంకో వర్గం. పెద్దవాళ్లది మూడో మాట: అదంతా ఉత్తుత్తి కొట్లాట, దానికోసం మీరు కొట్టుకోవడమేంటని.

ఉత్తుత్తి అన్నది రహస్యమేమీ కాదు. ఆటల మీద ఉండే నియంత్రణ, పన్ను తప్పించుకోవడానికి 1989లోనే న్యూజెర్సీ చట్టసభ ముందు ఆ పాత కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈయే (అప్పటి పేరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్) ఒప్పేసుకుంది, ఇది పోటీ కాదు, వినోదమని. కాబట్టి పెద్దల మాటతో మాకు పేచీ లేదు. పేచీ అంతా ద్రోహి అన్న మాటతోనే.

కోడీ వలసల కథ ఆసక్తికరమైనదే. డబ్ల్యూడబ్ల్యూఈలో ఏళ్ల తరబడి ఉండి, ముఖానికి రంగు పూసుకునే స్టార్‌డస్ట్ వేషంతో విసుగెత్తి 2016లో బయటికొచ్చాడు. 2019లో ఏఈడబ్ల్యూ అనే కొత్త కంపెనీ మొదలైనప్పుడు దాని ఉపాధ్యక్షుల్లో ఒకడయ్యాడు. ఆ కంపెనీ తొలి పెద్ద షోలో, బరిలోకి దిగేముందు ఒక సింహాసనాన్ని సమ్మెటతో బద్దలుకొట్టాడు. సింహాసనం, సమ్మెట రెండూ పాత కంపెనీలో ట్రిపుల్ హెచ్ అనే పెద్ద రెజ్లర్ గుర్తులు. దెబ్బ ఎవరికో చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. ఆ రాత్రి కోడీకి ఎదురు నిలిచింది అన్న డస్టిన్. అన్న ముఖమంతా నెత్తురుతో ముద్దయింది. తమ్ముడు గెలిచాడు. గెలిచాక, తనకు కావలసింది భాగస్వామి కాదు, అన్నేనంటూ కౌగిలించుకున్నాడు. అభిమానులు కళ్లు తుడుచుకున్నారు. 2022లో ఆ కంపెనీతో ఒప్పందం ముగిసింది. ఆ ఏప్రిల్ 2న టెక్సాస్‌లో, డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా జరిపే పెద్ద షో రెసిల్‌మేనియా వేదిక మీద, సేత్ రోలిన్స్ అనే రెజ్లర్ ఎదుట ప్రత్యక్షమయ్యాడు. కొన్ని నెలలకే అక్కడ కథలు నడిపే పని ట్రిపుల్ హెచ్ చేతికొచ్చింది. 2024లో కోడీ చాంపియన్ అయింది ఆ సింహాసనం మనిషి హయాంలోనే.

ఇక మిత్రులు, శత్రువుల సంగతి. రోలిన్స్‌తో 2022లో మూడుసార్లు తలపడిన కోడీ, 2024లో అదే రోలిన్స్‌ను పక్కన పెట్టుకుని రాక్, అప్పటి చాంపియన్ రోమన్ రెయిన్స్ జోడీ మీదకు వెళ్లాడు. మర్నాడు రెయిన్స్‌ను ఓడించి బెల్టు అందుకున్నాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆ రెయిన్స్‌తోనే జట్టు కట్టాడు. 2025 మార్చిలో జాన్ సీనా వంతు వచ్చింది. 2023లో హైదరాబాద్ గచ్చిబౌలికి వచ్చి మన పిల్లల గొంతులు బొంగురుపోయేలా చేసిన సీనాయే. కోడీని కౌగిలించుకుని మరీ దెబ్బతీశాడు. మన కుర్రాళ్లు ఆ వారమంతా దాని గురించే మాట్లాడుకున్నారు.

అయితే ఈ మలుపులేవీ కోడీ ఇంట్లో కూర్చుని నిర్ణయించుకున్నవి కావు. రాసేవాళ్లు రాస్తే ఆడేవాళ్లు ఆడారు. మన పల్లెల్లో తిరునాళ్లకు పద్యనాటకం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక ఊళ్లో కృష్ణుడి వేషం కట్టిన నటుడు, ఇంకో కాంట్రాక్టరు పిలిస్తే పక్క ఊళ్లో దుర్యోధనుడై మీసం మెలేస్తాడు. రాగం బాగా తీస్తే అక్కడా వన్స్‌మోరే, ఇక్కడా వన్స్‌మోరే. కృష్ణుడు కౌరవుల్లో కలిసిపోయాడని ముందు వరసలో కూర్చున్న ఏ తాతా అలగడు.

కండువాలు మార్చే నాయకులతో కోడీని పోల్చడం మన దగ్గర మామూలైపోయింది. ఆ పోలిక కుస్తీవాడికే అన్యాయమని మా అభిప్రాయం. అతను ఒప్పందం అయిపోయాక వెళ్లాడు. జనంతో ఐదేళ్లకు ఒప్పందం చేసుకుని మధ్యలోనే వెళ్లేవాళ్ల సంగతి వేరు.

ఇందులో నిజమేమిటో చూడాలంటే 2022 జూన్‌లో షికాగో దగ్గర రోలిన్స్‌తో జరిగిన మూడో పోరు చూడాలి. అంతకు కొద్దిరోజుల ముందే కోడీ కుడి ఛాతీ కండరం ఎముక నుంచి పూర్తిగా ఊడిపోయింది. ఆ రాత్రి కోటు విప్పగానే స్టేడియం ఒక్కసారిగా గతుక్కుమంది. ఛాతీ నుంచి చేతి దాకా నేరేడుపండు రంగుకు తిరిగిపోయి ఉంది. ఆ ఒంటితోనే బరిలో నిలిచి గెలిచాడు. రోలిన్స్ పసుపు చుక్కల బట్టలు వేసుకొచ్చాడు. ఆ చుక్కలకో చరిత్ర ఉంది. కోడీ తండ్రి డస్టీ రోడ్స్ పోటీ కంపెనీలో పెద్ద స్టార్. 1989లో అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కు మారినప్పుడు ఆయనకు తొడిగింది ఆ చుక్కల బట్టలే. అవతలి కంపెనీ నుంచి వచ్చినవాణ్ని చిన్నబుచ్చడానికే అలా చేశారని అభిమానులు ఇప్పటికీ అంటుంటారు. తండ్రి గడప మారినప్పుడు పడిన మాటను కొడుకు తిరిగొచ్చినప్పుడు మళ్లీ తీశారన్నమాట. కథగా చూస్తే భలే ఉంది. కండరం ఊడింది మాత్రం కథలో కాదు.

ఇప్పుడు పిల్లల్ని మందలిస్తున్న నాన్నలే తొంభైల్లో రెజ్లింగ్ కార్డులు జేబులో పెట్టుకుని బడికి వెళ్లారు. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండలు, అన్నీ ఆ అట్టముక్క మీద ఉండేవి. ఆ ఒంటికి ఏమైనా అయితే ఎవరు చూస్తారన్నది ఉండేది కాదు. డబ్ల్యూడబ్ల్యూఈ లెక్క ప్రకారం ఈ వీరులు ఉద్యోగులే కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. బరిలో తగిలిన దెబ్బకు వైద్యం చేయిస్తారు. ఆరోగ్య బీమా మాత్రం ఎవరిది వాళ్లు కట్టుకోవాల్సిందే. స్వతంత్రం అంటారు కదా అని బయట సొంతంగా వీడియోలు చేసుకుని సంపాదించుకుందామంటే 2020లో దానిమీదా ఆంక్ష పెట్టారు. ఇలాంటి చోట ఒప్పందం ముగిసిన మనిషి మెరుగైన బేరం ఎక్కడుంటే అక్కడికి వెళ్లడాన్ని తప్పుపట్టడం మాకు సమంజసంగా కనిపించదు. తప్పుపట్టాల్సింది ఆ ఏర్పాటును.

ద్రోహం గురించే మాట్లాడాలంటే బరి బయట జరిగిన ఒక సంగతి ఉంది. 1986లో రెసిల్‌మేనియాకు ముందు జెస్సీ వెంచురా అనే రెజ్లర్ తోటి వీరులందరినీ కూడగట్టి యూనియన్ పెడదామని ప్రయత్నించాడు. మన ఊళ్లో ప్రతి ఆటో స్టాండు దగ్గరా కనిపించే యూనియన్ లాంటిదే, కొత్త కోరికేం కాదు. ఆ మాట యజమాని విన్స్ మెక్‌మాన్ చెవిన పడి అక్కడితో ఆగిపోయింది. ఆ మాట యజమానికి మోసింది హల్క్ హోగన్ అనే రెజ్లరేనని, తర్వాత కంపెనీ మీద తాను వేసిన దావాలో ఆ విషయం బయటపడిందని వెంచురా ఎన్నోసార్లు చెప్పాడు. అప్పట్లో హోగన్ పిల్లలందరి ఆరాధ్య వీరుడు. పదేళ్ల తర్వాత, 1996లో, డబ్ల్యూసీడబ్ల్యూ అనే ఇంకో కంపెనీలో కథ ప్రకారం చెడ్డవాడిగా మారినప్పుడు జనం కోపంతో బరిలోకి చెత్త విసిరారు. వెంచురా అడిగిన యూనియన్ డబ్ల్యూడబ్ల్యూఈలో ఇప్పటికీ లేదు.