వంద రూపాయల బాండు కాగితం గారికి

మహారాజశ్రీ బాండు కాగితం గారికి, మధురవాడ నుంచి తమ బాకీదారుడు రాసుకున్నది.

తమరు క్షేమమేనని తెలుసు. హెచ్చార్ మేడమ్ బీరువాలో, నా బీటెక్ ఒరిజినల్ సర్టిఫికెట్ మీద కాళ్లు చాపుకుని, ఏసీలో పడుకున్నారు. ఇక్కడ మాకు ఉక్కపోత.

జగదాంబ దగ్గర మిమ్మల్ని కొన్నది నేనేనండీ. విలువ 100, కొట్టువాడి దయ పైన 20. పలుపుతాడు దూడే కొనుక్కుని మెడకు కట్టుకున్న వైనం లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో. సాక్షి సంతకం మా మావయ్యది. "ఉద్యోగం ఒచ్చింది కదేటి, ఇంకా సదవడమేటి" అని చూడకుండానే గీకేశాడు. రెండేళ్లలోపు మానేస్తే శిక్షణ ఖర్చుల కింద 1,50,000 కట్టాలన్న ముక్క మూడో పేజీలో ఉంది. జీతం 18,000.

ఇక ఆ శిక్షణ. మీ లెక్కలో 45 రోజులు. రుషికొండ మీద ఓ గది, మేం 30 మందిమి, కుర్చీలు 22. కిటికీలోంచి సముద్రం అద్భుతంగా కనిపించేది, బోర్డు మీద అక్షరాలే కనిపించేవి కావు. మొదటి వారం కంపెనీ విలువలు చెప్పారు. రెండో వారం, ఆ విలువలు చెప్పిన సీనియర్ అన్నే హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. మూడో వారం నుంచి ప్రొజెక్టర్ మీద యూట్యూబ్. మధ్యలో ప్రకటన వస్తే "స్కిప్ కొట్టండెహె" అని వెనక వరస అరిచేది. నాలుగింటికి సమోసా, పేపర్ కప్పులో టీ.

రోజుకు 25 వేసుకున్నా 45 రోజులకు 1,125. తమరి మీద గౌరవంతో ఆదివారాలు కూడా కలిపాను. మిగతా 1,48,875 దేనికి? సముద్రం చూసినందుకా?

1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ తమరు ఎరగనిది కాదు. కాగితం మీద ఎంత రాసుకున్నా అది పై హద్దే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. మేడమ్ మాత్రం నాకు సుప్రీంకోర్టు తీర్పు వాట్సాప్ చేశారు: 2025 మే, విజయా బ్యాంకు కేసు, మూడేళ్లు నిండకుండా వెళ్లిన అధికారికి రెండు లక్షల బాండు చెల్లుతుందని. చదివాను. అది ప్రభుత్వ బ్యాంకు. ఒకరు మధ్యలో వెళితే మళ్లీ బహిరంగ ప్రకటన ఇచ్చి, పోటీ పెట్టి మనిషిని తెచ్చుకోవాలి. వెళ్లినాయన సీనియర్ మేనేజరు. మరి నన్ను తేవడానికి అయిన ఖర్చేమిటి? మద్దిలపాలెం టీకొట్టు దగ్గర మా వాడు "మా దాంట్లో ఖాళీలున్నాయిరా, వచ్చేయ్" అన్నాడు. మనిషిని తెచ్చినందుకు వాడికి ఇస్తామన్న 5,000 ఇంతవరకూ ఇవ్వలేదు. వాడు నన్నడుగుతున్నాడు.

ఊరికే ఎగ్గొట్టే రకాన్ని కాను. నేర్పినదానికి బిల్లు చూపిస్తే కడతాను. అందాకా 1,125 ఫోన్‌పే చేస్తున్నా, రసీదు ఇప్పించండి. నా సర్టిఫికెట్ మీద నుంచి కాస్త పక్కకు జరగండి, కొత్త కంపెనీవాళ్లు అడుగుతున్నారు.

ఇట్లు,
తమ బాకీదారుడు

తా.క.: మావయ్య మీ జిరాక్సు ముందేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఇప్పుడు చదువుతున్నాడు. రెండో పేజీలో ఉన్నాడు.