టన్నుకు అరకిలో

(కడప. మే నెల. రాత్రి తొమ్మిదైనా గోడలు సెగలు కక్కుతుండాయి. కరెంటు పోయింది. ఓబులేసు బొగ్గుతో కరెంటు తీసే థర్మల్ ప్లాంటులో చేసి రిటైరైనాడు. నారాయణమ్మ పుట్టిల్లు వేముల పక్క.)

ఓబులేసు: ఏమే, అణు కరెంటయ్యింటే ఈ పాట్లు ఉండేవి కాదు. పొగ ల్యా, బూడిద ల్యా. పర్యావరణానికి అంతకంటే మేలైంది ఏముండాది?

నారాయణమ్మ: లైను తెగి కరెంటు పోయింది. అణువైతే తీగె లేకుండా గాల్లో వస్తాదా?

ఓబులేసు: యూనిట్టుకు బొగ్గైతే 820 గ్రాముల కార్బన్ డయాక్సైడు. అణువైతే 12. గని తవ్వేకాణ్నుంచి కలిపిన లెక్కే అది. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన ఐపీసీసీ 2014లోనే చెప్పింది. సోలారుకే 48!

(గ్రాముల లెక్క నిజమే. లెక్కలు చెప్పి ఆమె మీద గెలిచినోడు మాత్రం ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు.)

నారాయణమ్మ: ఇన్నేండ్లు నీ చొక్కా కాలర్లో బూడిద ఉతికింది నేను. బొగ్గు సంగతి నాకు చెప్పబాక. నీ అణు కరెంటుకు యురేనియం తవ్వే మా తుమ్మలపల్లె గని సంగతి చెప్పు. టన్ను రాయి తవ్వితే యురేనియం ఎంతొస్తాది?

ఓబులేసు: (గొంతు తగ్గించి) అరకిలో... అటూ ఇటూ.

నారాయణమ్మ: మిగిలిందంతా?

ఓబులేసు: పిండి చేసి, మందులేసి యురేనియం తీసుకోని, ఆ బురద చెరువులోకి తోల్తారు.

నారాయణమ్మ: ఆ చెరువులో ఎనుములు తోలచ్చునా?

ఓబులేసు: అది ఆ చెరువు కాదులేవే. టైలింగ్ పాండు!

నారాయణమ్మ: 2012లో మిల్లు మొదలైనాక బోరు నీళ్లు చెడినాయి, అరటితోటలు పోయినాయి అని రైతులు మొత్తుకుంటాండ్రి. గనోళ్లేమో మాదేం తప్పు లేదంటారు. ఇంగ బోరునే సాక్ష్యం పిలవాల.

ఓబులేసు: బొగ్గైతే తవ్వకుండానే వస్తాదా? యూరపోళ్లే 2022లో అణు కరెంటును పచ్చ జాబితాలో కలిపినారు. ఫ్రాన్సులో మూడింట రెండొంతులు దాని కరెంటే.

నారాయణమ్మ: ఆ పక్కనే జర్మనీ 2023 ఏప్రిల్లో ఉన్న మూడు రియాక్టర్లూ ఆర్పేసింది. ఫోను నేనూ చూస్తాలే. రియాక్టర్లో వాడేసిన యురేనియం కడ్డీలు యాడ పెడ్తారు?

ఓబులేసు: నీళ్లలో చల్లబెట్టి, భద్రంగా దాస్తారు. దాంట్లో ప్లుటోనియమనే రేడియోధార్మిక పదార్థం సగం తగ్గేదానికి 24,000 ఏండ్లు, అంతే.

నారాయణమ్మ: అంతేనా! పెండ్లిలో మా అన్న పెట్టిన ఉంగరం తూకం తగ్గిందని నీకొచ్చిన కోపమే ఇంకా సగానికి రాల్యా. 24,000 ఏండ్లు కాపలా ఎవురుంటారు?

ఓబులేసు: అయితే వద్దంటావా? ఎండ పోతే సోలారు పండుకుంటాది. ఈ ఉక్కలో రాత్రికి ఏం చేస్తావ్?

నారాయణమ్మ: వద్దని నేనన్యానా? పొగ లేదంటే ఒప్పుకుంటా. మంచిదో కాదో మాత్రం ఆ బురదచెరువు పక్కన కాపురం చేసేటోళ్లను అడుగు. నీకంత ముచ్చటైతే మైదుకూరులో మీ చెల్లెలింటి ఎనకాల తవ్వమను.

ఓబులేసు: ఆడ యురేనియం ఉంటే కదా తవ్వేది!

నారాయణమ్మ: భూమిలో లేకుంటే ఏమాయ, ఆయమ్మ నోట్లో ఉండాది గదా!