పాకమా, సబ్బు చుక్కా?

(నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తుల్లో, గాలి గదులు మూసుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం చాలినంత ఉండదు. అందుకే దాన్ని ద్రవంగా శ్వాసనాళంలోకి పోస్తారు. అక్క పిల్లల డాక్టర్, తమ్ముడు ద్రవాల లెక్కలు కట్టే ఇంజనీర్.)

తమ్ముడు: మందు మంచిదైతే చాలదక్కా, చివరిదాకా చేరాలి. పాకం ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వంపితే ఎంత అంటుకుపోతుందో చూశావుగా? చిక్కటి ద్రవం నాళం గోడకి పూత వదులుతూ పోతుంది. నాళం చీలిన ప్రతిచోటా తరిగిపోతుంది. కాస్త పలచగా, ఎక్కువ పోయాలి.

అక్క: నీ ముందున్నది గిన్నెరా, నా ముందున్నది కిలో బరువు బిడ్డ. ఎంఎల్‌కి 25 మి.గ్రా. ఉండే మందైతే 4 ఎంఎల్ పోయాలి. 80 మి.గ్రా. ఉండేదైతే రెండున్నర ఎంఎల్‌లోనే 200 మి.గ్రా. వెళ్తుంది. పోస్తుంటే రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతుంది, మానిటర్ గోల పెడుతుంది. ఆ టెన్షన్ నీ లెక్కలో ఉందా?

తమ్ముడు: లేదు. పిల్లల సంగతి ఒప్పుకుంటా. మరి పెద్దవాళ్ళో? 1997లో ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి ఊపిరి అందని తీవ్రమైన జబ్బు) రోగులకి కిలో బరువుకి 4 ఎంఎల్ సర్ఫాక్టెంట్ ఇస్తే ఆశ కలిగింది. 2004 నాటి ట్రయల్‌లో కిలోకి 1 ఎంఎల్ ఇచ్చారు, మరణాలు తగ్గలేదు. ఆ కాస్తా గోడలు తడపడానికే సరిపోయి ఉంటుందని 2015లో ఫిలోష్, టాయ్, గ్రోట్‌బర్గ్ అనే పరిశోధకులు లెక్క కట్టారు.

అక్క: అయితే గబగబా తోసేయమంటావా?

తమ్ముడు: అక్కడే తిరకాసు. వేగంగా తోస్తే పూత మందమై లోపలికి తక్కువ చేరుతుంది, కానీ అన్ని కొమ్మలకీ సమంగా అందుతుంది. నెమ్మదిగా పోస్తే బరువు కొద్దీ కిందివైపుకే జారుతుంది.

అక్క: అందుకేగా ఆ 4 ఎంఎల్‌ని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికీ బిడ్డని ఒక్కో వైపు తిప్పి పోసేది! పైగా ఇది పాకం కాదు. నీళ్ళ మీద పసుపు చల్లి సబ్బు చుక్క వేసి చూడు, పసుపు అంచులకి పరుగెడుతుంది. సర్ఫాక్టెంట్ కూడా తలతన్యత తగ్గిస్తూ తనంతట తానే పాకుతుంది.

తమ్ముడు: వాపెక్కిన ఊపిరితిత్తుల్లోకి రక్తంలోని ప్రొటీన్లు కారతాయి కదా. వాటి మధ్య నీ సబ్బు పని చేయదు.

అక్క: అంటే పెద్దవాళ్ళలో తప్పు ఎంఎల్‌ది కాదు, ప్రొటీన్లదన్నమాట. నీ నోటితోనే అన్నావు.

తమ్ముడు: అదొక్కటే అనలేదే... ఆగు, ఇంకోసారి లెక్క వేసి చెప్తా.