ఆర్‌ఈ క్లాసుకు పాస్టరు వస్తే పిల్లల్ని బడి మాన్పించాలా?

ఇంగ్లండ్‌లో ప్రైమరీ స్కూలుకు వెళ్లే పిల్లలున్న తెలుగు ఇళ్లలో అప్పుడప్పుడూ ఈ టెన్షన్ మొదలవుతుంది. ఫలానా రోజు ఆర్‌ఈ (రెలిజియస్ ఎడ్యుకేషన్, అంటే మత విద్య) క్లాసుకు చర్చి నుంచి అతిథి వస్తారని స్కూలు మెసేజ్ పెడుతుంది. 'ఇది మతప్రచారం కాదా, పంపాలా వద్దా' అని ఇంట్లో చర్చ.

ఈ అనుమానం రావడంలో వింతేమీ లేదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని మన రాజ్యాంగం 28వ అధికరణంలో చెప్పింది. ఇంగ్లండ్ దారి వేరు. అక్కడి ప్రభుత్వ బడుల్లో మత విద్య 1944 చట్టం నుంచీ తప్పనిసరి. దేశంలోని మత సంప్రదాయాలు ప్రధానంగా క్రైస్తవమైనవేనన్న సంగతి సిలబస్‌లో కనిపించాలని, మిగతా ముఖ్య మతాలకూ చోటివ్వాలని 1988 చట్టం చెప్పింది. చర్చికి చెందని బడుల్లో ఏదో ఒక శాఖ సిద్ధాంతాన్ని పిల్లలకు నూరిపోయకూడదన్న నియమం మాత్రం 1870 నాటిది. ఇష్టం లేని తల్లిదండ్రులు పిల్లల్ని ఈ క్లాసు నుంచి తప్పించవచ్చు, కారణం కూడా చెప్పక్కర్లేదు.

ఆ హక్కును తొందరపడి వాడొద్దనే నేనంటాను. దీపావళికి అదే స్కూలు పిలిస్తే మన వాళ్లు ముగ్గుపిండి, ప్రమిదలు పట్టుకుని సంతోషంగా వెళ్తారు. లక్ష్మీపూజ గురించి పిల్లలకు చెప్తారు. దాన్ని మతప్రచారమని ఎవరూ అనరు, అనకూడదు కూడా. మరి ఈస్టర్ గురించి చెప్పడానికి ఒక క్రైస్తవుడు వస్తే అభ్యంతరమేమిటి?

అయితే ఈ రెండూ అచ్చంగా ఒకటి కావు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో క్రైస్తవులు 46.2 శాతం, హిందువులు 1.7 శాతం. పైగా బడుల్లో రోజూ జరగాల్సిన సామూహిక ప్రార్థన కూడా ప్రధానంగా క్రైస్తవ స్వభావంతోనే ఉండాలంటుంది చట్టం. దీపావళి అతిథి ఏడాదికోసారి వచ్చే చుట్టం. వికార్, అంటే ఆ ఊరి చర్చి పాస్టరు, చాలా బడుల్లో ఇంటి మనిషి. ఏడేళ్ల పిల్లకు ఆయన మాట టీచరు మాటలాగే వినిపిస్తుంది. అందుకే జాగ్రత్త పడాల్సింది అతిథి మతం విషయంలో కాదు, క్లాసులో ఆయనకిచ్చే స్థానం విషయంలో. 'మేం ఇలా నమ్ముతాం, ఆదివారం ఇలా గడుపుతాం' అని ఆయన చెప్పొచ్చు. 'మీరూ ప్రార్థన చేయండి' అంటే హద్దు దాటినట్టే. ఈ సంగతి టీచరు ఆయనతో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి, పిల్లల చేత ప్రశ్నలు సిద్ధం చేయించాలి, క్లాసు జరిగినంతసేపూ అక్కడే ఉండాలి. అతిథి వచ్చాడు కదా అని నోట్సు దిద్దుకుంటూ కూర్చునే టీచరుంటే ఎంత మంచి అతిథి వచ్చినా లాభం లేదు.

ఈ సమతూకం తప్పితే కోర్టులు ఊరుకోవడం లేదు. ఉత్తర ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్‌కు చెందిన ఒక ప్రైమరీ విద్యార్థిని కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 2025 నవంబరులో తీర్పు ఇచ్చింది. అక్కడి క్రైస్తవ మత విద్య నిష్పాక్షికంగా, విమర్శనాత్మకంగా, బహుళత్వంతో లేదని తేల్చింది. తప్పించుకునే హక్కు ఉంది కదా అన్న వాదన సరిపోలేదు, ఎందుకంటే క్లాసు నుంచి బయటికి పంపిన పిల్ల అందరిలో ఒంటరిగా కనిపిస్తుంది. పిల్లల్ని లైబ్రరీలో కూర్చోబెట్టే ముందు మన తల్లిదండ్రులూ ఈ మాట ఆలోచించాలి.

ఇంకో సంగతి పెద్దగా ఎవరికీ తట్టదు. అతిథి ప్రతిసారీ ఆ ఊరి వికారే కానక్కర్లేదు. మెదక్ నుంచో దోర్నకల్ నుంచో వచ్చి ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు క్రైస్తవ తల్లిని పిలవొచ్చు. మెదక్ కేథడ్రల్‌ను కరువు కాలంలో కూలీలకు పని కల్పించేలా కట్టారని, దోర్నకల్‌కు 1912లోనే అజరయ్య అనే భారతీయుడు ఆంగ్లికన్ బిషప్ అయ్యాడని ఆమె చెప్తే, క్రైస్తవమంటే తెల్లవాళ్ల మతమనుకునే పిల్లలు, తెల్ల పిల్లలూ మన పిల్లలూ, ఇద్దరూ కాస్త ఆగి వింటారు. చర్చిలో చెప్పులు విప్పి చాప మీద కూర్చుంటారా, పాటలు ఏ భాషలో పాడతారు, క్రిస్మస్‌కు ఏం వండుతారు అని అడుగుతారు. ఆ క్లాసులో ఒక హిందూ పిల్ల, 'మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లోనూ చర్చి ఉంది' అని చెయ్యెత్తే అవకాశం కూడా ఎక్కువే.